తర్వాతి బ్యాచ్

టీ వడకడుతూ ఆమె ఓ చెవి లోపలి గదివైపు వేసే ఉంచింది. హాల్లో భర్త, మరిది, ఆడపడుచు కూర్చున్నారు. పక్షవాతం వచ్చి మంచాన పడ్డ తల్లిని ఇంట్లోనే ఉంచాలా, ఊరి చివర కొత్తగా కట్టిన వృద్ధాశ్రమంలో చేర్చాలా అన్నది ఈ పూట తేల్చేయాలట. తేల్చేవాళ్ళు హాల్లో ఉన్నారు, చేసే మనిషి వంటింట్లో ఉంది. ఎవరి చోట వాళ్ళున్నాంలే అని ఆమె తనలో తనే నవ్వుకుంది.

"ఆశ్రమమా? కన్నతల్లిని అక్కడ పడేసి నేను కంటినిండా నిద్రపోగలనా?" ఆడపడుచు ఏడుపు అందుకుంది. అవి దొంగ ఏడుపులేం కావు. తల్లంటే ఆ పిల్లకి ప్రాణం. వచ్చిన ప్రతిసారీ తల్లి చెయ్యి పట్టుకుని ఏడుస్తుంది, కళ్ళు తుడుచుకుంటుంది, బస్సుకి టైమయిందని లేస్తుంది.

"నలుగురూ ఏమనుకుంటారో అదీ చూడాలిగా," అన్నాడు మరిది.

"ఇంట్లోనే చూసుకుందాం. ఇన్నాళ్ళూ చూసుకోలేదా ఏంటి?" అన్నాడు భర్త. ఆ ధీమా వింటే, రోజూ దుప్పట్లు ఉతికేది పాపం ఈయనే కాబోలు అనుకోవాలి ఎవరైనా.

అత్తగారు ఒకప్పుడు టైపింగ్ ఇన్‌స్టిట్యూట్ నడిపిన మనిషి. మిషన్ల మోత వింటూ, తలెత్తకుండానే, ఏ మూల ఎవరు తప్పు కొట్టారో చెప్పేసేదట. గంట కాగానే చెక్క స్కేలుతో బల్ల మీద తీరిగ్గా మూడు దెబ్బలు వేసేది. ఈ బ్యాచ్ అయిపోయింది, లేవండి, తర్వాతి బ్యాచ్‌కి మిషన్లు వదలండి అని దానర్థం. "ఒక్క లైను మేడమ్ అని బతిమాలినా వినేదాన్ని కాదే. బయట నిలబడ్డవాళ్ళు మనుషులు కారా?" అని కోడలికి చెప్పి నవ్వేది. పక్షవాతం మాటని చాలావరకు లాగేసుకున్నాక, కదిలే ఎడం చేతికి ఓ చెంచా ఇచ్చి, పక్కన స్టీలు గ్లాసు బోర్లించి పెట్టింది కోడలు. అంతే, పాత టీచరమ్మ మేలుకుంది. ఒక్క దెబ్బయితే మంచినీళ్ళు. గబగబా రెండయితే బెడ్‌పాన్. గ్లాసు మీద గీస్తే పక్కకి తిప్పమని. వారం తిరక్కుండా కోడలికి ఆ భాష వచ్చేసింది. మిగతావాళ్ళకి అది వట్టి మోత. "ఆ టకటక కాస్త ఆపమను, వార్తలు వినపడట్లేదు," అన్నాడు భర్త ఓసారి.

మొన్న ఆమె ల్యాబ్‌కి వెళ్ళింది. రక్తపరీక్షలు చేసే ఆ ల్యాబ్‌లో ఆమెది పెళ్ళికి ముందునుంచీ ఉన్న ఉద్యోగం. అత్తగారి కోసం పెట్టిన సెలవు పెరిగి పెరిగి ఏడాదయింది. "సోమవారం వచ్చావా, నీ సీటు నీదే. లేదంటే వేరే అమ్మాయిని తీసుకుంటున్నా. ఇంకా ఆపడం నా వల్ల కాదమ్మా," అన్నాడు ఇన్‌ఛార్జి. ఇంటికొచ్చేసరికి పక్క తడిసిపోయి ఉంది. "నీళ్ళు తాగించాను, మళ్ళీ తాగించాను, ఇంకా కొడుతూనే ఉంది. నోరు విప్పి చెప్పొచ్చుగా!" అని భర్త చిరాకు. అత్తగారు గోడవైపు మొహం తిప్పుకుని పడుకుంది. కొడుకు ముందు తడిబట్టతో ఉండటం కన్నా ఆవిడకి చావు నయం. అది చూసి ఆమెకి కోపం కన్నా ముందు ఏడుపొచ్చింది. దుప్పటి మారుస్తూ చెవి దగ్గర వంగి అడిగింది. "అత్తయ్యా, మీకెక్కడ బాగుంటుంది? ఇక్కడా, ఆశ్రమంలోనా?" అప్పటిదాకా ఆ ఇంట్లో ఎవరూ అడగని మాట అది. అత్తగారు చాలాసేపు మాట కూడదీసుకుని, "నీకేది... సులువు?" అంది.

ఆ మాటే ఆమె కాళ్ళకి అడ్డం పడింది. తిట్టి ఉంటే ఈపాటికి వస్తానని ల్యాబ్‌లో చెప్పేసి ఉండేది. అప్పట్లో ఆమె చంటికూతుర్ని ఒళ్ళో వేసుకుని, "నువ్వు పోవే పనికి, దీని సంగతి నేను చూసుకుంటా," అన్న మనిషి ఆవిడే. కొత్తలో కూరలో ఉప్పు దగ్గర్నుంచి నడకదాకా వంకలు పెట్టిందీ ఆవిడే. ఆమె రెండూ మర్చిపోలేదు.

టీ కప్పులు అందించి, ఈసారి వంటింట్లోకి వెళ్ళకుండా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నువ్వుండబట్టే మాకు ధైర్యం వదినా. నీలా ఎవరు చూస్తారు చెప్పు?" అన్నాడు మరిది.

లోపల్నించి చెంచా మోగింది. గబగబా రెండు.

ఆమె కాళ్ళు వాటంతటవే లేవబోయాయి. మోకాళ్ళ మీద చేతులు నొక్కిపెట్టి కూర్చుంది. పెద్దావిణ్ణి అలా ఆపడం పాపమనిపించింది.

"అమ్మ పిలుస్తోంది," అన్నాడు భర్త.

"వినపడింది. ఏం కావాలట?"

మంచినీళ్ళేమో అన్నాడు మరిది. దుప్పటి కప్పమనేమో అంది ఆడపడుచు.

"బెడ్‌పాన్. మీరు వెళ్ళండి," అంది ఆమె భర్తతో.

నేనా అన్నట్టు చూశాడాయన. ఆమె కళ్ళు దించలేదు. చేసేదిలేక లేచి, గుమ్మం దగ్గర ఆగాడు. "అదెక్కడుంటుంది?"

"మంచం కిందే. ఏడాదిగా అక్కడే ఉంది."

ఆయన లోపలికి వెళ్ళి, తలుపు దగ్గరగా వేసి, కాసేపటికి తెరిచాడు. బాత్‌రూమ్‌లో నీళ్ళ చప్పుడు అయింది. చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చున్నాడు.

అప్పుడు చెప్పింది ఆమె, తెరిచి ఉన్న ఆ తలుపులోంచి లోపలికి కూడా వినపడేలా. "సోమవారం నుంచి నేను ల్యాబ్‌కి వెళ్తున్నాను. పొద్దునా రాత్రీ నేను చూసుకుంటాను. పగళ్ళు మీ ముగ్గురూ వంతులేసుకుంటే అత్తయ్య ఇక్కడే ఉంటారు. కుదరదంటే ఆశ్రమం. ఏదైనా ఆవిణ్ణి అడిగే చేద్దాం."

"అంటే అమ్మని వదిలేస్తావా వదినా?" అంది ఆడపడుచు.

ఆ మాట సూటిగా వచ్చి గుండెల్లో తగిలింది. అంతలో లోపల గ్లాసు మోగింది. ఒకటి. తీరిగ్గా ఇంకొకటి. మళ్ళీ తీరిగ్గా మూడోది.

"ఇదేంటి, ఇలా ఎప్పుడూ కొట్టలేదే?" భర్త మళ్ళీ లేవబోతూ అడిగాడు. "ఇప్పుడేం కావాలట?"

ఆమెకి కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు.

"ఏమీ వద్దట. నా గంట అయిపోయిందట. ఇక లేచి, బయట నిలబడ్డవాళ్ళకి మిషన్ వదలమంటున్నారు."