అందరికీ ఒకటే పెట్టె

గొడుగుల కంపెనీలో కంప్యూటర్లు చూసే అతన్ని అందరూ గీతలాయన అనేవారు. ఆ పేరు ఊరికే రాలేదు. కొనుగోళ్ళు, అమ్మకాలు, జీతాలు, గోడౌను, చివరికి వీధి గేటుతో సహా కంపెనీ మొత్తాన్నీ ఒకే సిస్టంలోకి తెస్తానని యజమానికి మాటిచ్చి, రోజంతా పెట్టెలు గీస్తూ వాటి మధ్య గీతలు లాగుతూ ఉండేవాడు. ఈ పద్ధతిలో ప్రోగ్రాం ఎవరూ రాయనక్కర్లేదు. బొమ్మ గీసి మీట నొక్కితే ప్రోగ్రాం దానంతట అదే తయారవుతుంది. బొమ్మ ఎలా ఉంటే కంపెనీ అలా నడుస్తుంది. నడిచి తీరాలి, గీసినాయన అంత మొండిఘటం మరి.

ఇంట్లోనూ అదే ధ్యాస. ఓ రోజు భార్య వచ్చి ఆ కాగితాల మీద చెయ్యి పెట్టి, "ఇన్ని పెట్టెల్లో నేనెక్కడున్నానండీ?" అంది. బుద్ధున్న ఏ మొగుడైనా ఆ మాటకి కాగితాలు అవతల పడేసి లేచి నిలబడతాడు. ఈ మహానుభావుడు నిజంగానే వెతికాడు. "ఇదిగో, ఇన్సూరెన్సు పెట్టెలో. నామినీ కింద వస్తావు" అని సంబరంగా చూపించాడు. ఆమె ఆ సాయంత్రమే బట్టలు సర్దుకుని, అదే ఊళ్ళో ఉన్న పుట్టింటికి వెళ్ళిపోయింది. ఇల్లు బావురుమంది. అతనికి ఏడుపొచ్చింది. మర్నాడే సిస్టం మొదలుపెట్టాలి గనక, ఏడుపు వాయిదా వేసుకున్నాడు.

ఆ బొమ్మలో అతను మురిసిపోయిన పెట్టె ఒకటుంది. దాని పేరు 'మనిషి'. కొనేవాడూ మనిషే, సరుకు వేసేవాడూ మనిషే, పనిచేసేవాడూ మనిషే, మూడు పెట్టెలు దండగ అని ముగ్గుర్నీ ఒకదాంట్లో కూరేశాడు. సిస్టం మొదలైన వారంలోనే గొడుగు పుల్లలు వేసే వర్తకుడికి జీతం పడింది. అతను కిక్కురుమనకుండా పుచ్చుకున్నాడు. గొడుగు కొనుక్కున్న పెద్దమనిషి ఒకాయనకి ప్యాకింగ్ సెక్షన్‌కి బదిలీ అయినట్టు మెసేజ్ వెళ్ళింది. ఆయన టిఫిన్ డబ్బా పట్టుకుని పొద్దున్నే దిగి, అట్టపెట్టెలకి టేపు అంటించడం మొదలుపెట్టాడు. మీరు ఉద్యోగి కారు కదండీ అంటే ఫోన్ చూపించి, "ఇందులో ఉందిగా" అన్నాడు. శుభ్రంగా అంటిస్తున్నాడని ఎవరూ పొమ్మనలేదు. తెర మీద కనిపిస్తే చాలు, మన జనం దేనికైనా తలూపుతారు.

ఖాళీ కుర్చీ ఉంటే కంపెనీతో అందరికంటే పాత సంబంధం ఉన్న మనిషిని అందులో కూర్చోబెట్టాలని కూడా గీతలాయన గీశాడు. అతని పై అధికారి కుర్చీ ఖాళీగా ఉంది. సిస్టం వెతికి వెతికి అతని అత్తగారిని కూర్చోబెట్టింది. ఆవిడ ఏళ్ళ తరబడి అక్కడి గొడుగులే కొంటోంది, కొన్న ప్రతి గొడుగు మీదా ఫిర్యాదు పంపుతోంది. ఆవిడా వెనకాడలేదు. ఇంట్లో కూర్చునే ఫోన్లో పెత్తనం మొదలుపెట్టి, నాసిరకం గుడ్డ వచ్చిన లారీని వచ్చిన దారినే వెనక్కి పంపించింది.

ఒక శుక్రవారం మధ్యాహ్నం భార్య దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. "నాకు వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చింది. సాయంత్రం రైలుకి వెళ్తున్నా. మాట్లాడాలనుంటే ఈలోపు రండి."

గీతలాయన ఉన్నపళంగా లేచాడు. గేటుకేసి పరిగెత్తాడు. పనివేళల్లో పై అధికారి సెలవు మంజూరు చేస్తే తప్ప గేటు తెరుచుకోదు. అదీ అతను గీసిందే. ఫోన్ తీసి సెలవు అడిగాడు. కారణం దగ్గర 'సొంత పని' అని రాశాడు. తిరిగొచ్చింది: 'ఏం పనో వివరంగా రాయండి.' 'భార్యను బతిమాలుకోవడానికి' అని రాశాడు. మళ్ళీ తిరిగొచ్చింది: 'ఆమె ఒప్పుకున్నట్టు రుజువు జతచేయండి.'

తట్టుకోలేక ఫోన్ చేశాడు. "అత్తయ్యగారూ, నేనండీ, మీ అల్లుణ్ణి!"

"ఆఫీసు టైంలో చుట్టరికాలేంటి బాబూ? అందరికీ ఒకటే పెట్టె అని మీరే గీశారుగా."

"తను రమ్మందండీ, మెసేజ్ కూడా పెట్టింది."

"మెసేజ్ చెల్లదు, కాయితం ఏదీ? కాయితం లేకుండా ఇవాళ మీకిస్తే, రేపు టేపు అంటించే ఆయన అడగడూ?"

యజమాని గదిలోకి వెళ్ళి మొరపెట్టుకున్నాడు. యజమాని తాపీగా, "బొమ్మ మార్చెయ్యవయ్యా, ఎంతసేపు?" అన్నాడు.

"మార్చాలంటే పై అధికారి ఒప్పుకోవాలండీ. ఆవిడేగా!"

"ఆవిడ జోలికి మాత్రం వెళ్ళకు. ఆవిడొచ్చాక చిరిగిన గొడుగు ఒక్కటి బయటికెళ్ళలేదు." ఆవిడ మీద ఈగ వాలనిచ్చేలా లేడు.

గీతలాయన తన బల్ల దగ్గరికొచ్చి తల పట్టుకుని కూర్చున్నాడు. ఎవరి అనుమతీ అక్కర్లేని పని ఆ బొమ్మ మొత్తంలో ఒకే ఒక్కటి కనిపించింది. ఉద్యోగం మానెయ్యడం. ఇంత అందమైన సిస్టంలోంచి ఎవరైనా పోతారని తోచక, దానికి కాపలా పెట్టలేదు. తన పేరు మీద వేలు పెట్టాడు. తెర అడిగింది: 'ఈ మనిషిని తీసేస్తే ఇతను గీసినవన్నీ పోతాయి. తీసెయ్యనా?' కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. బొమ్మంటే ప్రాణం అతనికి. అయినా నొక్కేశాడు.

ముందు జీతాలు పోయాయి, తర్వాత గోడౌను పోయింది, ఆ వెనకే అత్తగారి కుర్చీ పోయింది. హాల్లో ఒకరినొకరు గొంతు చించుకుని పిలుచుకోవడం మొదలైంది. ఎవర్ని ఆపాలో తెలియక గేటు బార్లా తెరుచుకుంది.

గీతలాయన అత్తారింటికి పరిగెత్తాడు. అత్తగారు గుమ్మంలోనే ఎదురైంది. "నా సెక్షన్ ఏమైంది బాబూ? ఫోన్లో ఏమీ కనబడట్లేదు."

"పోయిందండీ. నా ఉద్యోగం కూడా పోయింది."

లోపల భార్య బ్యాగు జిప్పు లాగుతోంది. అతను గది మధ్యలో నిలబడ్డాడు. "నువ్వు లేకపోతే ఇంట్లో ఉండలేకపోతున్నాను. ఆ రోజు నువ్వడిగిందేంటో నాకు అర్థం కాలేదు. తప్పు నాదే" అన్నాడు.

ఆమె అతనికేసి చూసింది. "నేను ఉద్యోగం మానను" అంది.

"మానకు. నేనూ వస్తాను. అక్కడ ఏదో ఒక పని దొరక్కపోదు."

"అదెలా కుదురుతుంది?" అత్తగారు అడ్డొచ్చింది. ఆవిడకింకా పెత్తనం అలవాటు పోలేదు. "ఎవర్నడిగి వెళ్తారు మీరు?"

"నేను రమ్మన్నానమ్మా" అంటూ భార్య బ్యాగు తీసి అతని భుజానికి తగిలించింది.