మోగించని డబ్బా

నాకు గడ్డి అంటే భయం. నా పనేమో గడ్డి కోయడం. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి.

మొదట్లో కోత మిషన్ మా ఆయన పట్టేవాడు. ఐదేళ్ళ కిందట నడుమెత్తు గడ్డిలో పాము కాటేసింది. ప్రాణం దక్కింది కానీ మోకాలి కిందికి కాలు తీసేశారు. అప్పట్నుంచి మిషన్ నా భుజానికెక్కింది. ఎక్కడ పనికి వెళ్ళినా ముందు పాత నూనెడబ్బాని కర్రతో దడదడా మోగిస్తూ గడ్డి చుట్టూ మూడుసార్లు తిరుగుతాను. పాములు, ముంగిసలు, తొండలు ఎటుపడితే అటు పారిపోతాయి. నా బ్లేడు కింద ఒక్క ప్రాణీ పడలేదని నలుగురిలో గొప్పలు కూడా పోయాను.

ఆ రోజు బడి వెనక మైదానం కోస్తున్నాం. మా తోడికోడలు నా వెనకాలే గడ్డి పోగు చేస్తోంది. పొద్దు వాలుతుండగా ప్రహరీ మూలకి చేరాను. బ్లేడుకి ఏదో తగిలి చిటపటలాడింది. చెంపకి చురుక్కున గుచ్చుకుంది. తీసి చూస్తే గోరంత ముల్లు, తెలుపూ గోధుమా చారలతో.

మిషన్ ఆపేశాను. వంగి గడ్డి పక్కకి తీశాను.

గడ్డిలో ఎండుటాకుల గూడు, గూట్లో ముళ్ళ ఎలుక. మూరెడు ముళ్ళుండే అడవి ముళ్ళపంది కాదు, దానికంటే బాగా చిన్నది. కొబ్బరికాయంత ఉండలా చుట్టుకుని ఉంది. వీపు మీద బెత్తెడు మేర ముళ్ళు చెక్కుకుపోయాయి. రక్తం మాత్రం లేదు. దాని కింద సన్నగా కిచకిచలు.

"పిల్లలక్కా, నాలుగు," అంది తోడికోడలు వంగి చూసి. "కళ్ళు కూడా తెరవలేదు. ముళ్ళు చూడు, తెల్లగా, ఇంకా మెత్తగానే ఉన్నట్టున్నాయి."

"ముట్టుకోకు. మన వాసన తగిలితే తల్లి వదిలేసి పోతుందట. బెదిరితే తినేసినా తినేస్తుందట. మీ బావగారే చెప్పారు."

"అంత మోగించావు కదా. చెవుడా ఏంటి దీనికి?"

చెవుడు కాదు. అదీ మా ఆయన ఎప్పుడో చెప్పాడు. ముళ్ళ ఎలుక రాత్రిళ్ళు పురుగులూ తేళ్ళూ ఏరుకు తింటుందట. తిండి దొరకని రోజుల్లో చల్లబడి చచ్చినట్టు పడి ఉంటుందట. చప్పుడైతే మాత్రం పరిగెత్తదు, ముక్కూ కాళ్ళూ లోపలికి లాక్కుని ఉన్నచోటే బిగుసుకుపోతుందట. ఈ చెవితో విని ఆ చెవితో వదిలేశాను. పారిపొమ్మని నేను మోగించిన డబ్బాయే దీన్ని బ్లేడు ముందు కూర్చోబెట్టింది. ఈ ఐదేళ్ళలో పోగుపెట్టిన గడ్డిని నేనెప్పుడైనా కెలికి చూశానా?

దూరంగా గోడవార కూర్చున్నాం. చీకటి పడబోతుండగా ఉండ విచ్చుకుంది. కోసుముక్కు బయటపెట్టి గాలి వాసన చూసింది. ఒక పిల్లని మెడ దగ్గర నోట కరుచుకుని బయల్దేరింది. అవతల రాళ్ళగుట్ట దాకా మైదానమంతా నేనే బోడిగా కొరిగేసి పెట్టాను. దాక్కోవడానికి పరక లేదు. ఒకటి చేరింది, రెండు, మూడు. నాలుగోదాన్ని తీసుకుని మైదానం మధ్యకి వచ్చేసరికి గేటు సందులోంచి కుక్క దూరింది.

తోడికోడలు డబ్బా నా చేతిలో పెట్టింది. "మోగించక్కా, పోతుంది."

కర్ర ఎత్తాను. అలాగే ఆగిపోయాను. మోగిస్తే కుక్క పోతుందో లేదో కానీ తల్లి అక్కడికక్కడే చుట్టుకుంటుంది. నోట్లో పిల్ల బయటే పడిపోతుంది. దానికింకా ముల్లు గట్టిపడలేదు.

డబ్బా కింద పెట్టేశాను. చెప్పులు విప్పి, అడుగు వినపడకుండా నడిచి వెళ్ళి రెంటికీ మధ్య నిలబడ్డాను. పాముల తర్వాత నాకు కుక్కలంటేనే భయం. అది గుర్రుమంది. పళ్ళు కనిపిస్తున్నాయి. చీ అనడానికి కూడా లేదు. వెనక గడ్డిమోళ్ళ మీద చిన్న సరసర. తిరిగి చూడలేదు. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు.

అప్పుడు మోగింది డబ్బా, తోడికోడలి చేతిలో, చెవులు చిల్లులు పడేలా. కుక్క తోక ముడిచింది.

"చేరిందక్కా," అంది తను. నేను అక్కడే కూలబడి ఏడ్చాను.

ఇంటికెళ్ళి ఇకమీదట డబ్బా మోగించనని, ముందు గడ్డంతా పాయలు తీసి చూస్తానని చెప్పాను. మా ఆయన తెగిన కాలు నిమురుకున్నాడు. "మరి పాములు?" అన్నాడు.

డబ్బా ఇంట్లోనే వదిలేసి కర్ర ఒక్కటే పట్టుకుని పనికెళ్తున్నాను.

మొన్న ఒకచోట కర్రతో గడ్డి పాయ తీస్తే అడుగున ఏదో చుట్టుకుని కదలకుండా ఉంది. మసక నీడలో అది పామో ముళ్ళ ఎలుకో తెలియలేదు. చేతిలో డబ్బా లేదు. కాళ్ళు వెనక్కి లాగుతున్నాయి.

వంగి చూశాను.