ఒగ్గీ అన్న మాట

నేను ఒక గోల్‌కీపరు ఎడమచేతి గ్లౌజును. కుడిచేతిది నా కవల. మమ్మల్ని తొడుక్కుని నడుముకు చేతులు పెట్టుకుని ఫొటోలు దిగే పిల్లల్ని చూసి, ఎంత ధైర్యమో అని మీరు మురిసిపోతారు. లోపలి సంగతి నన్నడగండి. మొహం అబద్ధమాడుతుంది, అరచెయ్యి ఆడలేదు. నా బతుకంతా ఆడపిల్లల చేతి చెమట పీల్చుకుంటూ గడిచింది. వాళ్ల భయం నాలోకి ఇంకి ఇంకి, నేనూ పిరికిదాన్నయ్యాను.

నాకు పుట్టుకతోనే ఒక భయముంది. మీరట్‌లో ఒక ఇరుకు గదిలో మిషను మీద నన్ను కుట్టిన ఆవిడకు, నా బొటనవేలి దగ్గర దారం తెగింది. ఆవిడ ఒక ముడి వేసి, ఎవరు చూడొచ్చారన్నట్టు ముందుకు పోయింది. ఆ ముడి ఏదో ఒకనాడు విచ్చుకుంటుందని, అదీ సరిగ్గా విచ్చుకోకూడని వేళే విచ్చుకుంటుందని నాకు ఆ పూటే తెలిసిపోయింది.

మొదట నన్ను తొడుక్కున్నది విశాఖపట్నం పిల్ల, ప్రహర్షిత. ప్లాస్టిక్ గడ్డి పరిచిన మైదానం, ఆటకొక కోచ్, ఒక్క గోల్‌కీపింగ్‌కే ఇంకో కోచ్, మోకాళ్లకు మెత్తలు. ఆ పిల్ల ఆటకు ముందు నా అరచేతి మీద నీళ్లు చల్లి తడిపేది. తడిస్తేనే నాకు పట్టు. ఎండితే బంతి జారిపోతుంది. ఆరు నెలలు అంత సుఖంగా ఉన్నాను. తర్వాత పదో తరగతి వచ్చింది, ఆట పోయింది. వాళ్లమ్మ మమ్మల్ని కోచ్ సుభాషిణి మేడమ్ చేతిలో పెట్టి, "ఎవరికైనా పనికొస్తాయి మేడమ్" అంది. కూతురికి ఎందుకు పనికిరాకుండా పోయాయో ఆవిడ చెప్పలేదు, మేడమ్ అడగలేదు.

మేడమ్ మమ్మల్ని రాష్ట్ర అండర్-17 బాలికల క్యాంపుకు తీసుకెళ్లి, మైలపల్లి నూకరత్నానికి ఇచ్చింది. శ్రీకాకుళం తీరంలో చేపలకు వలలు వేసే వాళ్ల పిల్ల. ఇసుకలో ఆడి పెరిగింది. ఇసుకలో బంతి పడితే అక్కడే చచ్చి ఊరుకుంటుంది, ఎగరదు. అందుకని నూకరత్నం తొందరపడదు. బంతిని రానిచ్చి, చివరి నిమిషంలో ఒళ్లంతా పరిచి దూకి పట్టుకుంటుంది. ఇసుక మీద పడటమంటే ఆ పిల్లకు పరుపు మీద పడ్డట్టే. కానీ మమ్మల్ని మాత్రం సాధనలో తొడుక్కోలేదు. తడిస్తే పాడవుతాయని భయపడి, కవర్లో చుట్టి సంచి అడుగున దాచి, ఒట్టి చేతులతో ఆడింది. చేతుల్ని కాపాడటానికి మమ్మల్ని చేస్తే, మమ్మల్ని కాపాడటానికి చేతులు వాచగొట్టుకుంది. మనుషుల తెలివి ఇలాగే ఉంటుంది.

ఆమె ముందు నిలబడే డిఫెండర్ ఉరుకుందమ్మ. ఆదోని పక్క పల్లె. వాళ్ల బడి మైదానమంతా గరుసు నేల, గులకరాళ్లు. అక్కడ బంతి నేలను తాకితే ఎటు ఎగురుతుందో దేవుడికే తెలియాలి. పడితే మోకాలి చర్మం నేలకు అంటుకుపోతుంది. అందుకని అక్కడి పిల్లలు పడరు, ఆగరు. బంతి కనబడితే చాలు, నేల తాకక ముందే తన్నేస్తారు. ఒకరిది ఆగే చదువు, ఇంకొకరిది ఆగకూడని చదువు. ఆ ఇద్దరినీ ఒకరి వెనక ఒకరిని నిలబెట్టి, పద్దెనిమిది రోజుల్లో జట్టు కమ్మన్నారు. ఎదుటి జట్లలో కొన్ని, హాస్టల్లో ఒకే కంచంలో తిన్నంత దగ్గరగా ఏడేళ్లుగా కలిసి ఆడుతున్నాయి. నాకు భయమెయ్యదా మరి.

రాష్ట్రాల మధ్య పోటీ ముగిశాక, అది చూసి ఎంపిక చేసే పెద్దలు పిల్లల్లో కొందరిని ఏడాది పొడవునా తర్ఫీదు ఇచ్చే హాస్టల్‌కు తీసుకుంటారని క్యాంపు మొదటి రోజే చెప్పారు. ఆ రోజు నుంచీ ఎవరికీ అన్నం సహించలేదు. సీటు రాకపోతే నూకరత్నం రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి పోవాలి. ఉరుకుందమ్మ ఇంట్లో వాళ్లతో మిరపకోతలకు వలసపోవాలి.

మొదటి మ్యాచ్ డెబ్భయ్యో నిమిషం దాకా సున్నా సున్నాగానే నడిచింది. అప్పుడు ఎదుటి జట్టు దూరం నుంచి ఒక బంతి ఎత్తి వేసింది. అది మా ఇద్దరి పిల్లల మధ్య దిగుతోంది. నూకరత్నం రెండడుగులు ముందుకు వేసింది. బంతి మాదే, నాకు ఖాయంగా తెలుసు. ఇలాంటప్పుడు 'కీపర్' అని అరవాలని మేడమ్ పద్దెనిమిది రోజులూ నేర్పింది. కానీ లోపల చెయ్యి ఐసు ముక్కలా చల్లబడింది, నోటికి ఇంటి మాటే వచ్చింది.

"ఉరుకూ, ఒగ్గీ" అని అరిచింది.

ఉరుకుందమ్మ ఆగలేదు. ఇంకా జోరుగా పరిగెత్తుకొచ్చి, బంతి నేల తాకక ముందే కాలు పెట్టింది. నేను పొడిగా, ఎండిపోయి ఉన్నాను. బంతి నా వేళ్ల మీదుగా జారి మా గోల్లోకే పోయింది. ఆ ఒక్క గోలుతో ఓడిపోయాం.

మేడమ్ తిట్టలేదు. "ఎల్లుండి మ్యాచ్‌లో మీ ఇద్దరిలో ఒకరే ఉంటారు" అని మాత్రం అంది. తిట్టినా బాగుండేది.

మర్నాడు పొద్దున కుళాయి దగ్గర ఇద్దరూ జెర్సీలు ఉతుకుతున్నారు. నేను పక్కన బకెట్టు అంచుకు వేలాడుతున్నాను. నూకరత్నమే ముందు అడిగింది.

"ఒగ్గీ అని అంత గట్టిగా అరిసినాను గదేటే. నీకు సెవులు లేవేటి?"

"నువ్వు ఉరుకు అంటివి, నేను ఉరికితి" అంది ఉరుకుందమ్మ తల ఎత్తకుండా. "మా పక్క ఉరుకంటే పరిగెత్తమనే కదమే. అందుకే మా ఊర్లో నన్నెవరూ అట్ల పిలవరు, కుందా అంటారు. ఇంగ ఆ రెండో మాట ఏందో నాకు తెల్దు."

"ఒగ్గీ అంటే ఒగ్గీడమేనే. బంతిని ఒగ్గీడం."

"ఇడ్సడమా?"

"ఇడ్సడమేటి?"

ఒకరు ఒగ్గీడమన్నా, ఇంకొకరు ఇడ్సడమన్నా, రెండూ వదిలెయ్యడమే. అది తెలిసి ఉరుకుందమ్మ చేతిలో జెర్సీ నేల మీదికి జారవిడిచి, మొదట నవ్వింది, తర్వాత ఏడ్చింది. వెనక నిలబడి ఇదంతా విన్న మేడమ్ నవ్వలేదు. రాష్ట్రమంతా గాలించి పదకొండు మందిని ఏరుకొచ్చి, భయమేసినప్పుడు ఎవరి నోటికి ఏ మాట వస్తుందో అడగలేదని ఆవిడకు అప్పుడు తట్టింది. ఇద్దరూ ఆడతారని చెప్పి, నన్ను బకెట్టులో ముంచి తీసింది. "వీటిని తడపాలే పిల్లా, దాచుకోకూడదు" అంది. ఇన్నాళ్లకు నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆ రోజంతా ఉరుకుందమ్మ ఒగ్గీ, ఒగ్గీ అని గొణుగుతూనే ఉంది. అన్నం దగ్గర కూడా. కానీ మాట తెలిస్తే సరిపోతుందా? చిన్నప్పటి నుంచి గరుసు నేల నేర్పిన కాలుకు ఎవరు చెబుతారు?

ఎల్లుండి రానే వచ్చింది. ఎదుట ఏడేళ్ల హాస్టలు జట్టు. ఎనభై నిమిషాలు మా మీద పడి తొక్కేశారు, గోలు మాత్రం కొట్టలేకపోయారు. గోడ పక్కన కుర్చీల్లో పెద్దలు కాగితాల మీద రాసుకుంటున్నారు. అప్పుడు అచ్చం అలాంటి బంతే వచ్చింది, అదే ఎత్తు, అదే చోటు. ఎదుటి జట్టు పిల్ల ఒకతి దాని కోసం దూసుకొస్తోంది. నూకరత్నం రెండడుగులు ముందుకు వేసింది. నా బొటనవేలి ముడి పిగులుతోంది.

"కుందా, ఒగ్గీ."

ఉరుకుందమ్మ కాలు అప్పటికే లేచింది. ఆ కాలు గాలిలో ఉన్నంతసేపు నేను చచ్చి బతికాను. ఆమె పళ్లు బిగించి, ఒళ్లంతా వెనక్కి లాగి, ఆ కాలును ఆపింది. బంతి నేల తాకి, ఆమె ముందు నుంచి, తన్నమని బతిమాలుతున్నట్టు దొర్లుకుంటూ పోయింది. నూకరత్నం దూకింది. ముడి ఫట్మని తెగి బొటనవేలు బయటికొచ్చింది. అయినా బంతి నాకూ నా కవలకూ మధ్య, నూకరత్నం గుండెకు అదుముకుని, కదలకుండా ఆగింది.

మ్యాచ్ సమానంగా ముగిసింది. మర్నాడు హాస్టల్ సీట్ల జాబితా వచ్చింది. అందులో నూకరత్నం పేరుంది, ఉరుకుందమ్మ పేరు లేదు. ఎందుకు లేదని మేడమ్ వెళ్లి అడిగింది. వాళ్లు చూపించిన కాగితం మీద ఒక్క ముక్క రాసి ఉందట: 'బంతి దగ్గర తటపటాయిస్తుంది.'

ఆ కాలు ఆపడమే ఆ పిల్ల తన బతుకులో చేసిన అతి కష్టమైన పని. కుర్చీలో కూర్చున్నవాళ్లకు అది బెరుకుగా కనబడింది. మేడమ్ ఎంత చెప్పినా, ఆ ఒక్క ముక్క చెరగలేదు.

బస్సెక్కే ముందు నూకరత్నం నన్ను ఉరుకుందమ్మ చేతిలో పెట్టింది. "నాకక్కడ కొత్తవిత్తారంట. ఇది నువ్వుంచుకోయే" అంది. నా కవల ఆమె సంచిలోనే పోయింది.

ఇప్పుడు నేను ఆదోని పక్క పల్లెలో, బడి గోడ మేకుకు తగిలించి ఉన్నాను. నా బొటనవేలికి ఉరుకుందమ్మ గోనెసంచి పురికొసతో కుట్టు వేసింది. మిరపకోతలు లేని నెలల్లో ఆమె ఇక్కడ చిన్నపిల్లలకు ఆట నేర్పుతుంది. గరుసు నేల మీద పిల్లలు బంతి వెంట పడుతుంటే, ఆమె గొంతు చించుకుని "ఒగ్గీ" అని అరుస్తుంది. ఆ పిల్లలు టక్కున కాలు ఆపుతారు. ఆ మాట ఎక్కడిదో వాళ్లకు తెలియదు, అది ఫుట్‌బాల్ మాట అనుకుంటున్నారు.

నిన్న మేడమ్ ఫోన్ చేసింది. ఈ పిల్లల్లో ఇద్దరిని వచ్చే క్యాంపుకు పంపమంది. ఉరుకుందమ్మ సంతోషంగా సరేనంది. ఫోను పెట్టేసే ముందు ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, "ఈసారి కీపరు ఎవురు మేడమ్?" అని అడిగింది.

నెల్లూరు పిల్లట. భయమేస్తే ఆ పిల్ల నోటికి ఏ మాట వస్తుందో.

ఆ మాట వినగానే ఆమె అరచెయ్యి నా మీదికి వచ్చింది. తడిగా ఉంది.