బండికి నచ్చని చెయ్యి

మిట్టమధ్యాహ్నం విజయవాడ వన్ టౌన్‌లో ముందు తోపుడుబండ్లు, వెనక ఆటోలు, నడుమ చీరల మూటలు దించేసిన పికప్ బండి. ధనశ్రీ తాళం తిప్పింది. ఇంజను గిర్రుగిర్రుమని మూలిగి ఊరుకుంది. మళ్ళీ తిప్పింది, మళ్ళీ అదే మూలుగు. వెనకున్న ఆటోవాడు హారన్ మీద పెట్టిన చెయ్యి తియ్యడమే మరిచిపోయాడు.

"దిగమ్మా, దిగు. నేను చూస్తాను," అన్నారు పక్కసీట్లోని మావగారు అంకమ్మరావు.

ఆ మాట అనడానికే ఆయన సొంతూరు పెడన నుంచి వెంట వస్తున్నారని ధనశ్రీ అనుమానం. ఆమె దిగింది. ఆయన వచ్చి స్టీరింగు ముందు కూర్చుని తాళం సగం తిప్పారు. ఎదురుగా ఎర్రవీ పచ్చవీ చిన్న దీపాలు వెలిగాయి. దీపం వెలిగాక దండం పెట్టకుండా ఏ పనీ మొదలుపెట్టే మనిషి కాదాయన. కళ్ళు మూసుకుని కులదైవాలైన భావనారుషినీ మార్కండేయుణ్ణీ పేరుపేరునా తలుచుకుని, అప్పుడు తాళం పూర్తిగా తిప్పారు. బండి బుద్ధిగా స్టార్టయింది.

"చూశావా? బండికి నీ చెయ్యి నచ్చట్లేదమ్మా. డ్రైవర్ని పెట్టేద్దాం," అన్నారాయన, కొట్లవాళ్ళంతా వినేలా.

ధనశ్రీకి ఒళ్ళు మండిపోయింది. కొన్నాళ్ళుగా ఇదే వరస. బ్యాటరీ మార్చారు, ప్లగ్గులు మార్చారు, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించారు, గుమ్మడికాయ దిష్టి తీశారు. అయినా ఆ దిక్కుమాలిన బండి ఆయన చేతికి పలుకుతుంది, ఆమె చేతికి మొండికేస్తుంది. మోకాళ్ళ నొప్పులతో ఆయన అంత దూరం తోలలేకపోతున్నారనీ, భర్త తేజేశ్వర్‌కి స్టీరింగు చూస్తేనే చెమటలు పడతాయనీ ఆమె డ్రైవింగు నేర్చుకుంది. అప్పటిదాకా ఇంట్లో చీరలు మడతపెట్టి చీటీలు అంటించిన మనిషి, ఇప్పుడు విజయవాడ వచ్చి హోల్‌సేల్ కొట్లలో దర్జాగా బేరం చేస్తోంది. డ్రైవరు వస్తే మళ్ళీ ఆ మడతలూ ఆ చీటీలే.

"ఇంటికి కాదు, ఆటోనగర్ పోనివ్వండి. ఇవ్వాళ దీని సంగతేంటో తేలాల్సిందే," అంది ఎక్కి కూర్చుంటూ.

ఆటోనగర్‌లో మెకానిక్ శౌరయ్య తనకు తెలియనిది లేదన్నట్టు మాట్లాడే మనిషి. బండి కాసేపు ఆపి ఉంచి ఆమెను స్టార్ట్ చెయ్యమన్నాడు. కాలేదు. అంకమ్మరావు గారు ఎక్కి దండం పెట్టుకుని తిప్పారు. అయింది.

"బండి బ్రహ్మాండంగా ఉందండీ. మేడమ్ ఎక్స్‌లేటర్ గట్టిగా తొక్కేస్తున్నట్టున్నారు."

"అసలు తొక్కలేదు."

"అయితే క్లచ్ సరిగ్గా తొక్కుండరు."

"తొక్కినా తప్పే, తొక్కకపోయినా తప్పేనా?" అని కసిరింది ధనశ్రీ. బండికొచ్చిన రోగాన్ని తన కాళ్ళలో వెతుకుతుంటే ఎంతసేపని ఓర్చుకుంటుంది? ఇద్దరూ అదే తాళం తిప్పుతున్నారు. మరి తేడా ఎక్కడుంది? ఆలోచించగా ఆలోచించగా ఒక్కటే కనిపించింది.

"మావయ్యగారూ, ఈసారి దండం పెట్టకుండా ఒక్కసారి తిప్పి చూడండి."

"దండం పెట్టకుండానా? మతుండే మాట్లాడుతున్నావా?"

"దేవుడితో పరాచికాలెందుకు మేడమ్?" అని శౌరయ్య కూడా ఆయనకే వంతపాడాడు.

ధనశ్రీ ఇద్దరినీ కొరకొరా చూసి, ఇంజను ఆపి కాసేపు ఆగి, తనే ఎక్కింది. తాళం సగం తిప్పి, చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చుంది. తర్వాత పూర్తిగా తిప్పింది. బండి స్టార్టయింది.

"మనసులో దణ్ణం పెట్టుకునుంటుంది," అన్నారు అంకమ్మరావు గారు.

"ఇడ్లీకి పప్పు నానబొయ్యలేదని గుర్తొచ్చింది. అంతే!" అని అరిచింది ధనశ్రీ.

శౌరయ్య మొహం మారింది. బండి ఆపించి, వంగి, ట్యాంకు దగ్గర చెవి పెట్టి, తాళం సగం తిప్పమన్నాడు. లోపల పంపు జుమ్మని మోగాల్సింది, ముక్కుతూ తుమ్ముతూ తిరిగింది. పెట్రోలు పైపుకి గేజి తగిలించాడు. ముల్లు బద్ధకంగా కాస్త పైకి లేచి, తాళం తియ్యగానే జారి కింద పడింది.

"పంపు పోయిందండీ. తాళం సగం తిప్పగానే ఇది ఇంజనుకి పెట్రోలు తోసిపెట్టాలి. ఓపిక లేక నెమ్మదిగా తోస్తంది. రావుగారు దణ్ణం పెట్టుకునేలోపు ఎట్టాగో అందిస్తంది. మేడమ్ టక్కున తిప్పేస్తన్నారు, దానికి టైమ్ చాలట్లా. నేను మొదట్నుంచీ అదే అనుకుంటన్నా."

మొదట్నుంచీ అనుకున్నాడట! ధనశ్రీ పళ్ళు నూరుకుంది. ట్యాంకు దించి పంపు తీసేదాకా దగ్గరే నిలబడి చూసింది. దాని కింది జల్లెడ నిండా నల్లటి మడ్డి. శౌరయ్య ట్యాంకు కడిగి, కొత్త పంపు బిగించి, ట్యాంకు మళ్ళీ ఎక్కించాడు.

ధనశ్రీ ఎక్కి తాళం ఒక్క విసురుతో తిప్పింది. బండి వెంటనే అందుకుంది. ఆపి మళ్ళీ తిప్పింది, మళ్ళీ అందుకుంది. పట్టలేని సంతోషంతో ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది.

అంకమ్మరావు గారు ఫోను చెవి దగ్గర పెట్టుకున్నారు.

"ఆ, బండి బాగయిందయ్యా. రేపట్నుంచి డ్యూటీకి వచ్చెయ్."

"ఎవరితో మావయ్యగారూ?"

"డ్రైవరుతో."

"బండి బాగయింది కదా! నా చేతికీ పలుకుతోంది కదా!"

"బాగయింది కాబట్టేనమ్మా. పాడైన బండి తోలడానికి ఎవడొస్తాడు?"

ఆ మాట అర్థం కావడానికి ఆమెకు కాసేపు పట్టింది. ఇన్నాళ్ళూ తన చేతిని తనే తిట్టుకుంది. రాత్రుళ్ళు అరిచెయ్యి చూసుకుని మరీ బాధపడింది. అసలు పేచీ బండిది కానే కాదు.

ఆయన ఆమె మొహంకేసి చూడలేదు. "కొడుకు లేడా అని ప్రతి కొట్లో అడుగుతున్నారమ్మా. పక్కసీట్లో కూర్చుని ఏం చెప్పుకోను?" అన్నారు. గొంతులో కోపం లేదు, సిగ్గుంది. ఆమెకు జాలేసింది. జాలి వెనకే అంతకు రెట్టింపు కోపమూ వచ్చింది.

"ఉన్నాడని చెప్పండి. ఇంట్లో చీరల మీద అచ్చులేస్తన్నాడని చెప్పండి. బండి మా కోడలు తోలుద్దని చెప్పండి. ఇందులో అబద్ధం ఏముంది?"

"అది కాదమ్మా..."

"ఆ డ్రైవర్ని వద్దనండి. నేను దిగను. మీరు బండెక్కుతారా, పెడన బస్సెక్కుతారా?"

శౌరయ్య చేతులు తుడుచుకుంటూ అటు తిరిగిపోయాడు. అంకమ్మరావు గారు కోడలి వంక చూశారు. జోరుగా మోగుతున్న ఇంజను వంక చూశారు. ఫోను తీసి, "రేపు రావద్దులేవయ్యా," అని చెప్పి, మెల్లగా బండి చుట్టూ తిరిగి వచ్చి ఎడమవైపు తలుపు తీశారు.