సగం దిగిన మేకులు

గంగారాం నలభై ఏళ్లు సెంట్రింగ్ వడ్రంగం చేశాడు గాని, ఇంట్లోకి ఒక్క పీట చేసిన పాపాన పోలేదు. ఈ మాట అతని పెళ్లాం ముత్తమ్మ, వాళ్లుండే బొంబాయి వరసగదుల మేడ, ఆ చాలు మొత్తం వినేట్టు ఏడాదికి నాలుగుసార్లయినా అనేది.

నిజానికి ఒకసారి చేశాడు. కొడుకు ప్రతీక్ పుట్టిన ఏడు గోడకు అరలు కొట్టాడు. మేకుల తలలన్నీ బయటికే పొడుచుకుని ఉండేవి. ముత్తమ్మ పెళ్లిచీర కొంగు వాటికి తగులుకుని జానెడు చిరిగింది. ఆ సాయంత్రమే ఆమె అరలన్నీ ఊడబెరికి స్నానాల నీళ్లకింద మంటేసింది.

పాపం, అది అతని చేతుల తప్పు కాదు. పనే అట్లాంటిది. కాంక్రీటు పోయడానికి ముందు పలకలతో అచ్చు కట్టాలి. సిమెంటు గట్టిపడగానే అదే అచ్చును విప్పెయ్యాలి. మేకును తలదాకా దిగగొడితే విప్పేటప్పుడు పలక పగులుతుంది. అందుకే సెంట్రింగ్ వాడు మేకును ముప్పాతిక దించి తల వదిలేస్తాడు. బొంబాయిలో గంగారాం కట్టినవన్నీ ఇరవై రోజుల్లో విప్పేసినవే. మేడలు మేడల్లా నిలబడ్డాయి. అతను చేసిన పని మాత్రం ప్రతిసారీ లారీ ఎక్కి ఇంకో చోటికి పోయింది.

ఇప్పుడు పని మానేసి రెండేళ్లయింది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి టీ తాగుతాడు. మధ్యలో టీవీ ముందు పడుకుంటాడు. ఇంటికి ఆసరా ముత్తమ్మ పూలబుట్ట, కొడుకు ప్రతీక్ నౌకరీ.

ఆ పూలబుట్టకే కష్టమొచ్చింది.

కామాటిపుర గల్లీ మొగలో, వీధి మొదట్లో మందుల దుకాణం పక్కన ముత్తమ్మ బుట్ట పెట్టని రోజు ముప్పై ఏళ్లలో వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. పొద్దున్నే దాదర్ పూలబజారు నుంచి మల్లెలు, కనకాంబరాలు తెచ్చుకుంటుంది. రెండో అంతస్తులో, గదుల ముందు నడవలా ఉండే గ్యాలరీలో నేలమీద కూర్చుని, ఒక కాలు మడిచి, ఒక కాలు చాపి, కాలి బొటనవేలికి దారం తగిలించి మాల కడుతుంది. ఏడేళ్ల వయసులో వాళ్లమ్మ అట్లాగే కూర్చోబెట్టి నేర్పింది. అప్పటినుంచీ ఆ వేలు దారానికే పుట్టినట్టుంది. ఇప్పుడేమో మోకాళ్లు మొండికేశాయి. నేలమీద కూర్చోవడం పూర్తిగా బంద్ అన్నాడు డాక్టరు. ప్రతీక్ ప్లాస్టిక్ కుర్చీ తెచ్చాడు. దాని చేతులు మోచేతులకు అడ్డం, బుట్ట ఎక్కడో కింద. రెండు వారాలుగా మాల లేదు. మొగలో ఆమె చోట ఎవరో కొత్తామె ఒకరోజు బుట్ట పెట్టి చూసిందట. దసరాకు ఇంకా పది రోజులే ఉంది. అప్పటికి వెళ్లి కూర్చోకపోతే ఆ చోటు ఇక తనది కాదని ముత్తమ్మకు తెలుసు.

కోడలు మనాలి వర్లి తెలుగువాళ్ల పిల్ల. అత్త దిగులు చూసి ఒకరోజు ఫోను పట్టుకొచ్చి మామ ముందు పెట్టింది.

"మామా, జర ఇది చూడుండ్రి. పాలెట్లతోని బెంచీ. రెండు దిక్కుల కుండీలకు డబ్బాలు గూడ చేసింది."

"పాలెట్లంటే?"

"టైల్స్ దుకాణంల సరుకు కింద కర్ర చట్రాలు వస్తయి గదా, గవే."

"గవి కాల్చుకునేటియి," అన్నాడు గంగారాం టీవీ మీంచి చూపు తిప్పకుండానే.

"ఈ వీడియోల పిల్ల ఒక్కతే చేసింది మామా. కాలేజీ పిల్ల."

గంగారాం లేచి కూర్చున్నాడు. "ఒక్కతే చేసిందా? యేదీ, మళ్ల పెట్టు."

మర్నాడు పొద్దున టీ కూడా తాగకుండా బయటికి పోయాడు. పదింటికి చాలు వాకిట్లో తోపుడుబండి ఆగింది. దానిమీద ఏడు పాలెట్లు. ఎక్కడి దేశానివో, వాటిమీద ఎవరికీ రాని అక్షరాల ముద్రలు.

ముత్తమ్మ రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టే దిగి వచ్చింది. ఒక్కో పలకనూ ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది.

"కర్రను గూడ వాసన చూస్తరా వదినా?" అన్నాడు చాలు కమిటీ సెక్రెటరీ శంకర్రావు.

"పూలు దేని పక్కన ఉంటే దాని వాసన పట్టుకుంటయ్. ఇది ఫినాయిలు, వద్దు. ఇది గ్యాస్ నూనె, వద్దు. ఇది మంచిగున్నది... అడివి వాసన."

రెండు పాలెట్లు వెనక్కి పోయాయి. మిగిలిన ఐదూ వాకిట్లో కుళాయి పక్కన పడ్డాయి.

శంకర్రావు అప్పుడే తన మాట చెప్పేశాడు. "గంగారామన్నా, చేస్తే చేయ్. గ్యాలరీ ఐదు ఫుట్లు. మూడు ఫుట్లు నడిచేతందుకు ఖాలీ ఉండాలె. ఒక్క ఇంచు తక్కువైనా నేను తీపిస్త. వాకిట్ల పెడ్తమంటే అదీ నడవదు. ఆదివారం పొద్దుగాల టాంకీ సాఫ్ చేసేటోళ్లు వస్తరు."

"శనివారానికే ఎక్కిస్త, పో," అన్నాడు గంగారాం.

అప్పుడు చూడాలి ఆ మనిషిని. రెండేళ్లు చాపమీద పడుకున్న మనిషేనా! పాలెట్లోంచి పలకను ఊడదీస్తుంటే బెల్లం అచ్చులోంచి జారినంత మెత్తగా వచ్చేది. ఒక్క పలక పగల్లేదు. ఊడిన మేకుల్ని రాతిమీద పెట్టి తిన్నగా కొట్టి డబ్బాలో వేశాడు. మనాలి డబ్బు పెట్టి స్క్రూలు కొనుక్కొస్తే, "ఉన్న మొలలు ఉండంగ ఇవెందుకు బిడ్డా, వాపస్ ఇచ్చెయ్," అన్నాడు. రందా పట్టి పలకలు నున్నగా చేస్తుంటే రేకులు రేకులుగా పొట్టు లేచేది. గల్లీ పిల్లలు దాన్ని చెవులకు జూకాల్లా పెట్టుకుని తిరిగారు. కూర్చునే పలక వెడల్పు ఇరవై రెండు అంగుళాలు. పొడవు ఇద్దరు కూర్చున్నా పక్కన బుట్ట పట్టేంత. రెండు చివర్లా ఒక్కో పెట్టె. ఒకదాంట్లోకి పెయింటు డబ్బాలో పెరుగుతున్న కనకాంబరం, ఇంకోదాంట్లోకి మరువం. మట్టి తడి కర్రకు తగలకుండా లోపల సిమెంటు సంచులు పరిచాడు.

ముత్తమ్మ పైనుంచి చూస్తూనే ఉంది. మూడోరోజు ఇక ఆగలేకపోయింది.

"ఏందయ్యా! మొలలు మళ్ల గట్లనే పెడ్తున్నవ్? తలలన్నీ నన్నే చూస్తున్నయ్!"

"లాస్టుకు దించుత తియ్యే."

"నీ లాస్టు నాకెర్క! ఒక చీర పోయింది, ఇంకోటి గూడ తీస్కో!"

వాకిట్లో బట్టలుతికే ఆడవాళ్లంతా నవ్వారు. గంగారాం కూడా నవ్వాడు గాని, మేకులు దించలేదు. దించాలనే అనుకున్నాడు. చెయ్యే రెండు దెబ్బలు వేసి ఆగిపోయేది.

శనివారం సాయంత్రానికి బెంచీ తయారైంది. లేత పసుపు రంగులో తళతళలాడుతూ పెళ్లికూతురిలా ఉంది. గంగారాం, ప్రతీక్ ముందు పట్టుకున్నారు, కింది వాళ్లు ఇద్దరు వెనక పట్టుకున్నారు. మొదటి మలుపు దాకా బాగానే వచ్చింది. అక్కడ ఆగింది. నిలబెట్టి చూశారు, పడుకోబెట్టి చూశారు, తలకిందులు చేసి చూశారు. నూరేళ్ల నాటి చెక్క మెట్లు, సన్నటి మలుపు. పెట్టెలు ఇటు తగిలితే కాళ్లు అటు తగిలాయి. ఆఖరికి ముందుకూ పోలేదు, వెనక్కీ రాలేదు.

జీవితంలో మొదటిసారి ఇంటికోసం పెద్ద వస్తువు చేశాడు గంగారాం. పనిచోట అచ్చు ఎక్కడ కావాలో అక్కడే కడతారు. కట్టినదాన్ని మెట్లెక్కించాలన్న ఆలోచనే అతనికి రాలేదు.

పైవాళ్లు కిందికి దిగలేరు, కిందివాళ్లు పైకి రాలేరు. శంకర్రావు ఒక చేతిలో టేపు, ఒక చేతిలో పాల ప్యాకెట్టుతో కిందే చిక్కుకున్నాడు.

"కూసునేతందుకు బెంచీ చేయమంటే మెట్లకు దర్వాజా చేసిండ్రా గంగారామన్న!"

మెట్లు కదిలేట్టు నవ్వారు జనం. పై మలుపులో నిలబడ్డ ముత్తమ్మ నోటిదాకా ఒక మాట వచ్చింది. కింద మొగుడి మొహం చూసి మింగేసింది. నలభై ఏళ్లలో ఆమె మాట మింగడం అదే మొదలేమో. అతను బెంచీ కాలు మీద చెయ్యి వేసి నిమురుతున్నాడు.

"రంపం తేరా ప్రతీక్," అన్నాడు చివరికి. "పెట్టెలు కోసేస్త. ఇంకేం చేస్తం."

"కొయ్యకు!" అంది ముత్తమ్మ. ఎందుకన్నదో, కొయ్యకపోతే ఏం చెయ్యాలో ఆమెకూ తెలియదు.

అంతలో కిందనుంచి ఒక గొంతు. "జర జరుగుండ్రి, ఏమైంది?" అంజమ్మ. పాలమూరు నుంచి వచ్చి కింది ఖోలీలో, ఒంటి గదిలో ఉంటూ కట్టడం పనికి పోతుంది. నెత్తిమీద ఇంకా సిమెంటు దుమ్ము ఉంది. జనాన్ని తప్పించుకుని వచ్చి, బెంచీకేసి వంగి చూసి, ఒక మేకు తలమీద వేలు పెట్టింది.

"ఏం కాకా, ఇది సెంట్రింగే గదా! ఇప్పి ఎక్కియ్యరాదు?"

గంగారాం తన నెత్తిమీద తనే మొట్టుకున్నాడు.

"సుత్తి ఇటియ్యి!"

మేకు తలలన్నీ అందుబాటులోనే ఉన్నాయి. సుత్తి కొస తగిలించి లాగితే కుయ్యిమంటూ ఒక్కోటీ వచ్చేసింది. పావుగంటలో బెంచీ పలకలయింది. మనాలి సుద్దముక్కతో అంకెలు వేయబోతే, "నాకు ఎర్కే బిడ్డా, ఏది యాడిదో," అన్నాడు.

"ఎవ్వరు కదలొద్దు, ఉన్నకాడనే నిలబడుండ్రి," అంది అంజమ్మ కొంగు నడుముకు చుట్టి. "తట్టలు అందిచ్చినట్టు అందియ్యిండ్రి. ఇగో... పట్టు!"

అంతే. మెట్లమీద ఇరుక్కున్న వాళ్లంతా ఒక వరస అయిపోయారు. అంజమ్మ చేతిలోంచి ప్రతీక్‌కి, ప్రతీక్ చేతిలోంచి మనాలికి, మనాలి నుంచి పై ఇంటి వాళ్లకి. తాతలు ఈ ఊళ్లో రాయి, ఇసుక మోసినవాళ్లే అందరూ. వీళ్లు ఆఫీసుల్లో, దుకాణాల్లో చేరి ఎన్నేళ్లయినా చేతులు మాత్రం మరిచిపోలేదు. ఒకరు "హా" అంటే ఇంకొకరు "పట్టు" అన్నారు. శంకర్రావు పాల ప్యాకెట్టు చంకలో పెట్టుకుని మరీ, కిందివైపు పేర్చిన పలకలు ఆరు అంజమ్మకు అందించాడు. ఏడోసారి పలక బదులు పాలు అందిస్తే అవీ రెండో అంతస్తు దాకా వెళ్లిపోయాయి.

గ్యాలరీలో దీపం వేసే వేళకు బెంచీ మళ్లీ లేచి నిలబడింది. శంకర్రావు టేపు పరిచాడు. గోడవైపు బెంచీ, ఇటు రెయిలింగు.

"మూడు ఫుట్లు... మీద రెండు ఇంచులు," అన్నాడు కాస్త నిరాశగా. తర్వాత తనే దానిమీద కూర్చుని చూశాడు. "మంచిగున్నదన్నా. కమిటీ మీటింగు ఇక్కడనే పెడ్దాం."

"లే లే, పూలు కట్టేతందుకు చేసింది," అని ముత్తమ్మ అతన్ని లేపింది.

గంగారాం సుత్తి పట్టుకుని మేకుల ముందు కూర్చున్నాడు. మొదటి మేకు మీద సుత్తి ఆనించి ఆగాడు.

"దించిన్నంటే ఇంక ఇప్పనీకి రాదే," అన్నాడు.

"ఇప్పేదెవరు? ఉండనియ్."

ఠక్కున కొట్టాడు. తల కర్రలోకి మునిగిపోయింది. అతను దానిమీద వేలితో రాసి చూశాడు. నున్నగా ఉంది. రెండోది కొట్టాడు. మూడోది. ఆ తర్వాత ఇక ఆగలేదు.

మనాలి పొద్దున తెచ్చిన మల్లెల్లోంచి రెండు దోసిళ్లు బుట్టలో పోసింది. ముత్తమ్మ బెంచీ మీద కూర్చుంది. మోకాళ్లు ఏమీ అనలేదు. బుట్ట పక్కనే, చెయ్యి చాపితే అందేంత దగ్గర. హాయిగా ఒక నిట్టూర్పు విడిచి, దారం తీసి, అలవాటుగా ముందుకు వంగింది.

కాలి వేలు అందలేదు.

కాలు కిందికి వేలాడుతోంది. పైకెత్తితే మోకాలు కలుక్కుమంది. దారం కొస పళ్లమధ్య పట్టుకుంది. మాట్లాడాల్సి వచ్చి వదిలేసింది. మోకాలికి చుట్టుకుంది. జారిపోయింది. రెండు పూలు పెట్టి ముడి వేస్తే ముడి వదులై పూలు ఒళ్లో రాలాయి. చుట్టూ ఉన్నవాళ్లు చూసి చూడనట్టు అటూ ఇటూ చూశారు. ఇంత చేసిన మనిషికి ఏమని చెప్పడం? ముత్తమ్మ దారం మళ్లీ పళ్లతో పట్టుకుంది. కళ్లు చెమ్మగిల్లాయి.

గంగారాం ఇదేమీ చూడలేదు. కుడివైపు పెట్టె మీద ఆఖరి మేకు మిగిలింది. సుత్తి ఎత్తాడు.

"ఆగు!"

ముత్తమ్మ నోట్లోంచి దారం కింద పడింది. సుత్తి గాల్లో ఆగింది.

"దాన్ని ముట్టకు. అది నాది."

వంగకుండానే చెయ్యి చాపి ఆ మేకు తలకు దారం తగిలించింది. లాగి చూసింది. బిగువుగా నిలిచింది. వేలికన్నా బిగువుగా. నాలుగు మల్లెలు పెట్టి ముడి. నాలుగు పెట్టి ముడి, నడుమ రెండు రెబ్బలు మరువం. వేళ్లు వాటి దారిన అవి పరుగెత్తాయి. అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

"అత్తమ్మా, కొంగు చిరిగితే?" అంది మనాలి నవ్వుతూ.

"చిరిగితే చిరగనియ్. కొంగు కుట్టుకుంటా."

మొదటి మూర తెంపి అంజమ్మను పిలిచింది. సిమెంటు దుమ్ము దులిపి జడలో తురిమింది. రెండోది మనాలికి. మూడోదాని కోసం శంకర్రావు ఇంటావిడ సీమా పైకే వచ్చింది, చేతిలో తమ పాల ప్యాకెట్టుతో. "దొరికినయ్ వదినా, నాల్గో ఖోలీల ఉండె," అంది.

ఎల్లుండి సోమవారం. పొద్దున్నే మొగలో ఆ ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని బుట్ట పెట్టాలి. ఆ కొత్తామె వస్తే ఆమెకూ ఒక మూర ఇచ్చి, అవతలి మొగ చూపించాలి అనుకుంది ముత్తమ్మ.

జనం ఇళ్లకు పోయాక కూడా గంగారాం అక్కడే ఉన్నాడు. బెంచీ చివర పట్టుకుని ఊపి చూశాడు. కదల్లేదు. ఇటువైపు వచ్చి మళ్లీ ఊపాడు.

"ఏందయ్యా, ఊడుతదా అని చూస్తున్నవా?"

"కాదే," అన్నాడు. "ఊడకుంటే ఎట్లుంటదో చూస్తున్న."

"అయితే కూసోని చూడు," అంటూ ముత్తమ్మ బుట్ట ఒళ్లోకి తీసుకుని పక్కకు జరిగింది.