బ్యాంకాక్‌లో సుభాషిణి కార్డు

సూట్‌కేసులో మొగుడి బనీన్లు సర్దుతా సుభాషిణి ఒక్క మాట అడిగింది. "ఏమయ్యా, ఈసారి కార్డు నా దగ్గర పెట్టుకుంటా."

మధుబాబు సెల్లులోంచి తలెత్తలేదు. "నీ దగ్గరెందుకుమే? పరాయి దేశంలో పారేస్తే ఎవురు తెచ్చిస్తారు?"

లోపలి గదిలోంచి అత్త వెంకటశేషమ్మ అందుకుంది. "మొగోడు పక్కనుండంగా ఆడదానికి కార్డేందమ్మా. నాలుగు మంచి చీరలు పెట్టుకో, చాలు."

తోటపల్లి గూడూరులో వాళ్లది రొయ్యల మేత అంగడి. ఆడవాళ్ల పేరుతో అయితే లోను వడ్డీ తక్కువని అంగడి ఆమె పేరున పెట్టినారు. ఖాతా ఆమెది, కార్డు ఆమెది, మంచి అమ్మకాలు చేసినందుకు మేత కంపెనీ ఇచ్చిన బ్యాంకాక్ ట్రిప్పు కూడా ఆమె పేరునే వచ్చింది. తెల్లారి ఇంటెడు చాకిరీ చేసి, ఆపైన అంగట్లో కూచుని బస్తాలు దింపించి, అరువులు వసూలు చేసేదీ ఆమే. కార్డు మాత్రం ఆయన జేబులో. మెసేజీలు ఆయన సెల్లుకు. జీతం మాటెత్తితే "సొంత అంగట్లో జీతమేందిమే" అని నవ్వుతాడు. ఒకసారి నెల్లూరులో ఆ కార్డు అడుక్కొని మందుల షాపులో గీకితే, ఆమె బయటికి రాకముందే రొయ్యల గుంట గట్టు మీంచి మొగుడి ఫోను. "మందుల షాపులో అంత ఏం కొన్నావు?" స్పీకరులో పెట్టి అడిగినాడు. చుట్టూ కూలోళ్లు. కొన్నది నెలసరి ప్యాడ్లని ఆ మొగోళ్లందరికీ వినపడేట్టు చెప్పించి గానీ ఫోను పెట్టలేదు. దీన్ని మన ఊళ్లలో సంసారం అంటారు.

అందుకే ప్రయాణానికి ముందురోజు బ్యాంకుకు పోయి, వేలిముద్ర వేసి, ఖాతాకు తన సొంత ఫోను నెంబరు ఎక్కించుకుంది. కౌంటర్లో కూచునే లిల్లీ ఆమె ఫోన్లో బ్యాంకు యాప్ పెట్టి, కార్డు బయటి దేశాల్లో పనిచేసేట్టు చేసి, మెల్లగా చెప్పింది. "అక్కా, అక్కడ ఏటీఎం మిషన్లో డబ్బు తీసినప్పుడల్లా ఫీజు కోస్తాది. పదిసార్లు కొంచెం కొంచెం తియ్యొద్దు, కావాల్సింది ఒకేసారి తీసుకో. మీ రూపాయల్లో లెక్క కట్టమంటావా అని అడుగుతాది. వద్దని నొక్కు. ఆ రేటు మనల్ని ముంచేదానికి పెట్టిందే."

సుభాషిణి చేసిన నేరం అంతే. తన డబ్బు కబురు తన ఫోనుకు తెప్పించుకుంది. ఆ రోజునుంచి ఆమెకు ఒకటే భయం. ఆయనకు మెసేజీ రాదు, ఎందుకు రాలేదంటాడు, అప్పుడేం చెప్పాలి? విమానంలో అందరూ కిటికీలోంచి మేఘాలు చూస్తా ఉంటే ఆమె ఒళ్లో హ్యాండుబ్యాగు అదుముకుని కూచుంది. ఆ బ్యాగులో ఫోను కాదు, పాము ఉన్నట్టుంది.

బ్యాంకాక్‌లో హోటలు కింద మిషను ముందు మధుబాబు మొదటిసారి కార్డు పెట్టినాడు. తెర మీద ప్రశ్న రాంగానే రూపాయల మీద నొక్కినాడు. "మన రూపాయే మనకు నమ్మకం." నాలుగు నోట్లు బయటికొచ్చినాయి. బ్యాగులో ఫోను గుర్రుమంది. సుభాషిణి గట్టిగా దగ్గింది.

మధ్యాన్నం గుడి దగ్గర మళ్లీ తీసినాడు. మళ్లీ నాలుగు నోట్లే. వాళ్లతోపాటే ట్రిప్పుకొచ్చిన మైపాడు మేత డీలరు ముత్యాలయ్య పకపకా నవ్వినాడు. "ఏం మధూ, రొయ్యకి పూటపూటకీ మేతేసినట్టు తీస్తావేంది?"

"అంతే కదన్నా. మేత ఒకేసారి పోస్తే అడుగునబడి కుళ్లిపోతాది. డబ్బూ అంతే. కొంచెం కొంచెంగా వదలాల."

సుభాషిణి నోరు ఊరుకోలేదు. "తీసినప్పుడల్లా ఫీజు పోతాది. ఒకేసారి తియ్యండి. రూపాయల్లో వద్దని నొక్కండి."

మధుబాబు అందరివైపూ తిరిగినాడు. "విన్నారా? మా ఇంట్లో బ్యాంకు మేనేజరుంది." మొగోళ్లు నవ్వినారు. ముత్యాలయ్య భార్య నాగులమ్మ నవ్వలేదు. సుభాషిణి చెయ్యి పట్టుకుని "బాత్రూముకు పోదాం రామ్మా" అంది.

తలుపు గడియ వేసుకుని ఆమె ఫోను తీసింది. ఫీజు ఒక దెబ్బ, రేటు ఒక దెబ్బ. పోయింది ఆమె డబ్బే, ఆమె నడుం విరిగిన కష్టమే. మిషనుకు నోట్లు ఎన్నని కాదు, ఎన్నిసార్లు చెయ్యి చాచినావనే లెక్క. తన బతుకూ అంతే కదా అనిపించింది. కూరగాయలకు అడగాలి, బస్సుకు అడగాలి, అమ్మకు మందులు కొనాలంటే అడగాలి. అడిగిన ప్రతిసారీ ఇంత కోత. ఎందుకు, ఏమిటి, మొన్న ఇచ్చింది ఏం చేసినావు. ఆ కోతకే తను ఇట్లా అరిగిపోయింది. యాప్‌లో కార్డు బొమ్మ కింద చిన్న మీట ఉంది. బయటి దేశాల్లో వాడకం. నొక్కితే ఆగిపోతాది. వేలు దాని మీద పెట్టి తీసింది, మళ్లీ పెట్టింది. బయట నాగులమ్మ "ఏమ్మా, బాగుండావా?" అంటోంది. నొక్కేసింది. ఫోను బ్యాగు అడుగున దాచి గడియ తీసింది.

సాయంత్రం ట్రిప్పుకొచ్చిన నాలుగు జంటలూ కలిసి ఒక వీధి హోటల్లో తిన్నారు. మీసం మీద చెయ్యేసి, బిల్లు నాదేనని మధుబాబే ముందు అన్నాడు. అక్కడ నోట్లే తీసుకుంటారని తెలిసి గుమ్మం పక్క మిషనుకు పోయినాడు. కార్డు పెట్టినాడు. మిషను కార్డును బయటికి కక్కింది. మళ్లీ పెట్టినాడు, మళ్లీ కక్కింది. వెనకనుంచి ముత్యాలయ్య "ఏం మధూ, మేత అయిపోయిందా?" అన్నాడు.

"ఎవురో మన ఖాతా ఊడ్చేసినారుమే," అన్నాడు మధుబాబు. "ఒక్క మెసేజీ కూడా రాలా."

ఊరుకోవచ్చు. దొంగల మీదకి తోసెయ్యొచ్చు. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ రేపు ఇంకో అబద్ధం, ఎల్లుండి ఇంకోటి. దానికీ కోతే.

"ఎవురూ ఊడ్చలా. నేనే ఆపినాను. మెసేజీలు నా ఫోనుకొస్తా ఉండాయి."

ఆయన అరవలేదు. అరిచుంటే బాగుండేది. దగ్గరికొచ్చి, చుట్టూ ఉన్నవాళ్లకు కనపడేట్టు నవ్వుతా, నెమ్మదిగా అన్నాడు. "సరే. ఇంటికి పోయినాక చూసుకుందాం."

ఆ నెమ్మది గొంతు సుభాషిణికి తెలుసు. ఇంతకుముందు ఆ గొంతు విన్న రాత్రినుంచే ఆమె ఎడమ చెవి సరిగ్గా వినపడదు. ఇక్కడ మనుషులున్నారు, వెలుగుంది, ఆయనకు పరువుంది. అక్కడ తలుపులున్నాయి. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదు.

చెయ్యి చాచింది. "కార్డు ఇయ్యండి, బిల్లు కడతా."

హోటలామె బిల్లు పళ్లెం పట్టుకుని నిలబడింది. అందరూ చూస్తున్నారు. ఆయన కార్డు చేతిలో పెట్టినాడు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"నా పాస్‌పోర్టు కూడా."

"అదెందుకుమే?"

"నాది కాబట్టి."

"ఇచ్చేయ్ మధూ, పిల్ల అడుగుతుంటే," అన్నాడు ముత్యాలయ్య, ఏమీ అర్థంగాక. మధుబాబు నడుం సంచి జిప్పు లాగి పాస్‌పోర్టు తీసిచ్చినాడు.

సుభాషిణి మిషను దగ్గరికి నడిచి, ఫోన్లో ఆ మీట మళ్లీ తెరిచి, రూపాయలు వద్దని నొక్కి, కావాల్సిందంతా ఒకేసారి తీసింది. పళ్లెంలో బిల్లు డబ్బులు పెట్టి నాగులమ్మ పక్క కుర్చీలో కూచుంది. ఆమెకు మాత్రమే వినపడేట్టు అంది.

"అక్కా, చెన్నైలో దిగినాక నేను మీ కార్లో మైపాడుకొస్తా. ఆ ఇంటికి పోతే నన్ను చంపేస్తాడు."