రెండుసార్లు తట్టిన తలుపు

సమ్మెట పట్టుకోవడానికి వరసలో నిలబడ్డవాళ్ళు ఆ ఆదివారం ముప్పై మందికి పైనే ఉన్నారు.

కార్ల ఫ్యాక్టరీల మీద బతికే మిషిగన్ ఊళ్ళలో 1982 వేసవికి ఇదొక ఆటగా మారింది. యూనియన్ పిక్నిక్ అంటే అంతకు ముందు కాల్చిన మొక్కజొన్న కంకులు, బీరు, పిల్లల గోనెసంచి పరుగులు. ఆ ఏడాది వీటికి తోడు హాలు వెనక గడ్డి మీద ఒక జపాన్ కారును తెచ్చి నిలబెట్టారు. చిన్నది, పసుపుపచ్చది. కసి ఉన్నవాళ్ళు వచ్చి ఒక్కో దెబ్బ వెయ్యొచ్చు. జపాన్ కార్ల దెబ్బకు అమ్మకాలు పడిపోయాయని రెండో షిఫ్టు మొత్తాన్ని కంపెనీ పనిలోంచి తీసేసి ఇంటికి పంపింది కనక కసికి కొదవలేదు.

వెండెల్ ప్రోకాప్ కూడా ఒక దెబ్బ వేశాడు. ఫ్యాక్టరీలో కార్లు కదులుతూ తయారయ్యే లైను చివర నిలబడి, బిగించిన తలుపులు సరిగ్గా పడుతున్నాయో లేదో తనిఖీ చేసేవాడు వెండెల్. ఇరవై ఆరేళ్ళుగా తలుపుల చప్పుడు వింటూ బతికిన మనిషి. సమ్మెట దించాక అరచేతులు మండాయి. అతను కంకి పట్టుకుని పక్కన నిలబడ్డాడు.

అప్పుడే టాడ్ మోరినాగా వచ్చాడు, అదే లైను మీద తలుపులు బిగించేవాడు, జపాన్ వలస కుటుంబంలో పుట్టినవాడు. పక్కన భార్య మిచీ. ఆమె చేతుల్లో బంగాళాదుంపల సలాడు గిన్నె.

"టాడూ, రారా ఇలా!" మరమ్మతుల మెకానిక్ గస్ హాల్వర్సన్ కేకేశాడు. యూనియన్‌లో గస్ గొంతే పెద్దది. "సమ్మెట పట్టుకో. నువ్వెటువైపో చూద్దాం."

"ఇరవై ఏళ్ళుగా చూస్తూనే ఉన్నావు కదా గస్. నీ కారు తలుపు బిగించింది కూడా నేనే."

"కబుర్లొద్దు. కొట్టు."

టాడ్ సమ్మెట తీసుకోలేదు. సొట్టలు పడ్డ కారు దగ్గరికి వెళ్ళి తలుపు తెరిచాడు. మూశాడు. తల వంచి చప్పుడు విన్నాడు.

"ఇన్ని దెబ్బలు తిన్నా ఇంకా కుదురుగా పడుతోందిరా. దీన్ని బిగించినవాడెవడో పని తెలిసినవాడు. వాణ్ణి నేను కొట్టను."

"విన్నారా? రక్తం ఎటు లాగుతుందో!" అన్నాడు గస్.

"పోరా నీ దేశానికి!" వరసలోంచి ఎవరో అరిచారు.

"నా దేశం కాలిఫోర్నియాలో ఫ్రెస్నో," అన్నాడు టాడ్. "బస్సెక్కించండి, పోతాను."

వేరే ఏ ఏడాదైనా అయితే ఆ మాటకు అందరూ నవ్వేవాళ్ళు. ఆ రోజు ఎవరూ నవ్వలేదు. ఎవరో బీరు డబ్బా విసిరారు. అది మిచీ గిన్నెకు తగిలింది. ఆమె గిన్నె మీద మూత సరిచేసుకుని వెనక్కి తిరిగింది. టాడ్ వెళుతూ వెళుతూ వెండెల్ వైపు చూశాడు. నిందించే చూపు కాదు. ఊరికే చూశాడు.

మూడేళ్ళ కిందట భార్య లొరెట్టా పోయినప్పుడు నెల రోజుల పాటు వెండెల్ పని బల్ల మీద రోజూ ఒక శాండ్‌విచ్ ఉండేది, మైనపు కాగితంలో చుట్టి. టాడ్ భోజనం డబ్బాలోనూ అదే కాగితం కనిపించేది, అయినా ఎవరు పెడుతున్నారని అతను అడగలేదు. పెట్టినవాడూ చెప్పలేదు. ఆ నెల అతను బతికింది ఆ శాండ్‌విచ్‌ల మీదే.

వెండెల్ తల దించుకుని కంకి కొరికాడు.

*

మర్నాడు కంపెనీ అందరినీ క్యాంటీనులో కూర్చోబెట్టింది. మేనేజరు జపాన్‌లో రెండు వారాలు తిరిగొచ్చాడు. గోడ మీద బొమ్మలు వేసి చూపించాడు.

"కారు కొనడానికి వచ్చినవాడు ముందు ఏం చేస్తాడు? తలుపు తెరిచి మూస్తాడు. వాళ్ళ కారు టప్ మంటుంది. మనది లొడలొడమంటుంది. ఆ ఒక్క చప్పుడుతో ఆ మనిషి అవతలి దుకాణానికి పోతున్నాడు. నేర్చుకుందాం. వాళ్ళలాగే పనిచేద్దాం."

వాళ్ళ దగ్గర్నుంచి అతను మూడు పద్ధతులు తెచ్చాడు. షిఫ్టు మొదట్లో పాట పెట్టి పది నిమిషాల కసరత్తు. గోడకు సలహాల పెట్టె. ఇద్దరు చేసే పనికి ఒక్కడు.

టాడ్ చెయ్యెత్తాడు. "అయ్యా, అక్కడ ప్రతి మనిషి తల మీదా ఒక తాడు వేలాడుతుందట కదా. తేడా కనిపిస్తే ఎవడైనా లాగి లైను ఆపొచ్చట. మీ సామానులో ఆ తాడు రాలేదా?"

"సలహాల పెట్టెలో వెయ్యి."

"తాడు కావాలట జపానోడికి!" అన్నాడు గస్. క్యాంటీనంతా గొల్లుమంది. మేనేజరుతో కలిసి పనివాళ్ళు నవ్వారు. వెండెల్ కూడా కొంచెం నవ్వాడు.

వాళ్ళ ఫ్యాక్టరీలో లైను ఆపే మీట ఫోర్‌మన్ క్రీల్ బల్ల పక్కన, తాళం వేసిన ఇనప పెట్టెలో ఉండేది. ముట్టుకున్నవాడికి ఉద్యోగం ఉండదు.

టాడ్ పక్కవాణ్ణి మరో చోటికి మార్చారు. గొలుసు కప్పీ నుంచి వేలాడే తలుపును ఒక చేత్తో నిలిపి, రెండో చేత్తో అతనొక్కడే మరలు బిగించాలి. లైను మాత్రం ముందుకంటే వేగంగా నడిచింది. తలుపు బరువుగా ఊగినప్పుడు ముందు స్థానంలోవాడు మోకాలు అడ్డం పెట్టడం అక్కడ ఎప్పటినుంచో ఉన్న మర్యాద. పిక్నిక్ తరవాత టాడ్‌కు ఎవరూ మోకాలు పెట్టలేదు. అయినా అతను ప్రతి తలుపునూ బిగించి, వేళ్ళ కణుపులతో రెండుసార్లు తట్టి పంపేవాడు. నా పని అయింది, ఇక నీ చేతికిస్తున్నాను అని అర్థం. లైనులో అందరికీ ఉన్న అలవాటే. కానీ టాడ్ తట్టే తీరు వేరు. వెండెల్ కళ్ళు మూసుకుని కూడా గుర్తుపట్టేవాడు.

ఆగస్టులో ఒక గురువారం ఉదయం పది గంటలకు, తలుపును కప్పీకి పట్టి ఉంచే కొక్కెం పిన్ను జారింది. తలుపు తిరిగి పడి టాడ్‌ను కారుకు అదిమేసింది.

లైను ఆగలేదు.

"ఆపండి! ఆపండ్రా!" పన్నెండు మంది అరిచారు. క్రీల్ అవతలి చివర ఉన్నాడు. తాళంచెవి అతని నడుముకు ఉంది. తలుపుకూ కారుకూ మధ్య ఇరుక్కున్న టాడ్‌ను లైను తన వేగంతోనే ఒక స్థానం దాటించింది. రెండు దాటించింది. పరిగెత్తినవాళ్ళు పట్టి లాగలేకపోయారు. వెండెల్ కాళ్ళు కదల్లేదు. కదలాల్సిన అవసరమూ లేకపోయింది. లైనే టాడ్‌ను అతని దగ్గరికి తెచ్చింది. క్రీల్ వచ్చి మీట దించేసరికి కారు తనిఖీ స్థానంలో అతని ఎదురుగా ఆగింది. టాడ్ చెయ్యి తలుపు మీద ఉంది. వేళ్ళు మడిచి ఉన్నాయి, తట్టబోతున్నట్టు.

పద్దెనిమిది నిమిషాల తరవాత క్రీల్ వచ్చి, "బండికేం కాలేదు కదా. తుడిపించాం. గీటు పెట్టు, కదలనీ," అన్నాడు.

తనిఖీలో అంతా సరిగ్గా ఉందని వెండెల్ సుద్దముక్కతో గీటు పెట్టాడు. ఆకుపచ్చ కారు. వెళ్ళిపోయింది.

*

మనిషి పోతే అతని చోటు ఖాళీగా ఉండాలి. లైను మీద ఒక్క పూట కూడా ఉండదు. శుక్రవారం నుంచి ఆ స్థానంలో డార్లీన్ పెట్‌వే అనే అమ్మాయిని నిలబెట్టారు. ఆమె కూడా ఒక్కతే. కొక్కెం అదే. పిన్నూ అదే.

వెండెల్‌కు ఆ రోజు నుంచే మొదలైంది. డార్లీన్ చెయ్యి తలుపును తాకక ముందే రెండుసార్లు తట్టిన చప్పుడు వినిపించేది. సన్నగా, నిదానంగా. ఊళ్ళో ఆకుపచ్చ కారు కనిపిస్తే చాలు, దగ్గరికి వెళ్ళి ఎడమ తలుపు చూసేవాడు. ఎవరో కొనుక్కుని ఉంటారు. రోజూ దాన్ని తెరుస్తారు, మూస్తారు, చప్పుడు బాగుందనుకుంటారు.

"పెద్దాయనా," డార్లీన్ ఒక మధ్యాహ్నం అడిగింది. "ఆ పిన్ను కదులుతోందని క్రీల్‌కి రెండుసార్లు చెప్పాను. నడుము వంచి పనిచెయ్యమన్నాడు. తప్పుకునేంత చోటుందా ఇక్కడ, నువ్వే చెప్పు?"

వెండెల్ చూశాడు. లేదు.

ఆ శనివారం అతను యూనియన్ హాలు వెనక్కి వెళ్ళాడు. పసుపు కారు ఇంకా గడ్డిలోనే ఉంది. దాని ముందు చక్రం పక్కన నేల మీద గస్ కూర్చుని ఉన్నాడు. వెండెల్ తలుపు తెరిచి బొటనవేలితో నెట్టాడు. అది కుదురుగా పడింది.

"టాడ్ ముందు స్థానంలోవాడికి చెప్పింది నేనే," అన్నాడు గస్. "మోకాలు పెట్టొద్దని. జపానోడి పొగరు దిగనీ అన్నాను. నేనే అన్నాను వెండెల్."

వెండెల్ అతని పక్కన కూర్చున్నాడు. "నేను గీటు పెట్టాను," అన్నాడు.

గస్ కారు వైపు చూసి, "దీన్ని బిగించినవాడి తల మీద తాడుంది కదూ?" అని అడిగాడు.

"ఉందట."

"మనకి వాణ్ణి చూపించి కొట్టమన్నారు. వాడి తాడు మాత్రం దాచేశారు."

*

మంగళవారం షిఫ్టు అయ్యాక యూనియన్ హాల్లో మీటింగు. కుర్చీలు చాలక గోడల వెంట నిలబడ్డారు. కంపెనీ పంపిన కాగితం చదివారు. ప్రమాదానికి కారణం పనివాడి అజాగ్రత్త అని ఉంది.

"అజాగ్రత్తా? టాడా?"

"గొడవ పెట్టుకుంటే ఫ్యాక్టరీ మూసేస్తారు. కొనేవాళ్ళు ఇప్పటికే జపాన్ కార్లకి పోతున్నారు."

"నువ్వు నోరు మూసుకుంటే తిరిగొస్తారా? రెండో షిఫ్టువాళ్ళు నోరు మూసుకునే పోయార్రా!"

తలుపు తెరుచుకుంది. మిచీ వచ్చింది. చేతిలో టాడ్ భోజనం డబ్బా. జనం తమకు తామే దారిచ్చారు. ఆమె బల్ల దగ్గరికి వెళ్ళి డబ్బా తెరిచి మూడు పెన్నులు తీసి పక్కపక్కన పెట్టింది. కంపెనీ ముద్ర ఉన్న నీలం పెన్నులు.

"తాడు పెట్టించమని మా ఆయన సలహాల పెట్టెలో మూడు చీటీలు వేశాడు," అందామె. "ప్రతిసారీ మీ సలహాకు ధన్యవాదాలు అని ఉత్తరం వచ్చింది. దాంతోపాటు ఒక పెన్ను వచ్చింది."

ఆమె డబ్బా మూసింది.

"జపాన్‌తో యుద్ధంలో, జపాన్ రక్తమని మమ్మల్ని ఎడారిలో ముళ్ళకంచె వెనక పెట్టారు. టాడ్‌కి అప్పుడు పదకొండేళ్ళు. కంచె వేసినవాళ్ళు అధికారులు. కానీ మా వీధివాళ్ళు కిటికీ తెరల వెనక నుంచి చూస్తూ ఊరుకున్నారు. అతను వాళ్ళనే ఎక్కువ తలుచుకునేవాడు." ఆమె గొంతు పెంచలేదు. "మిమ్మల్ని తిట్టడానికి రాలేదు. ఆ స్థానంలో ఇప్పుడెవరున్నారు?"

"నేనమ్మా," అంది డార్లీన్.

మిచీ ఆమెను ఎగాదిగా చూసింది. దూరం వెళ్ళడానికి రైలెక్కబోయే కూతుర్ని చూసినట్టు చూసింది. "చెయ్యి ఇలా ఇవ్వు," అని ఆ అరచేతిలో ఒక పెన్ను పెట్టింది. "నాలుగోది రానివ్వకు."

గస్ లేచాడు. అంత పెద్ద గొంతులోంచి మాట చిన్నగా వచ్చింది. "మీట ఉన్న ఇనప పెట్టె తాళం కోసే కత్తెర నా దగ్గరుంది. తాడెవరు తెస్తారు?"

"మా అమ్మ బట్టలారేసే తాడు," అంది డార్లీన్.

"అది చాలదమ్మాయ్. లైను పొడుగెంతో తెలుసా?"

"అయితే అందరూ మీ ఇళ్ళలోవి తెండి!"

వెండెల్ చెయ్యెత్తాడు. మీటింగుల్లో అతను చెయ్యెత్తడం ఎవరూ చూడలేదు. "కసరత్తు పది నిమిషాలు," అన్నాడు. "అందరి చేతులూ పైకే ఉంటాయి. క్రీల్ కాఫీకి పోతాడు."

హాలంతా నవ్వింది. ఆ నవ్వులో ఈసారి మేనేజరు లేడు.

*

బుధవారం ఉదయం లౌడ్‌స్పీకర్లో పాట మొదలైంది. ఒకటి, రెండు, చేతులు పైకి. మూడు వందల మంది చేతుల మీదుగా తాడు పాకింది. తెల్లది, నీలంది, ఒకచోట పిల్లలు గెంతే తాడు, దాని కొయ్య పిడితో సహా. దూలాలకు వేసి, ముడులు బిగించి, చివరను గస్ మీటకు కట్టాడు. పాట అయిపోయింది. లైను కదిలింది.

తొమ్మిదింటికి పిన్ను మళ్ళీ కదిలింది. తలుపు ఒక్క పక్కకు వాలింది. డార్లీన్ కప్పీ వైపు చూసింది, తల పైకి చూసింది. లాగింది.

ఆగిపోయింది.

ఇరవై ఆరేళ్ళలో వెండెల్ ఆ షెడ్డులో నిశ్శబ్దం వినడం అదే మొదటిసారి; టాడ్ పోయిన రోజు లైను ఆగినా అరుపులే వినిపించాయి. పైకప్పు మీద వాన పడుతోంది. దూలాల మీద పిచ్చుకలున్నాయి. ఇన్నాళ్ళూ అవి అక్కడే అరుస్తూ ఉన్నాయి కాబోలు. తలుపు వాలి ఆగి ఉంది. దాని పక్కన డార్లీన్ నిలబడి ఉంది, బతికి.

"ఎవరు లాగింది?" క్రీల్ పరిగెత్తుకొచ్చాడు. జేబులోంచి కత్తి తీసి తాడు కోశాడు. పక్కనున్న ఇద్దరు తెగిన కొసలు పట్టుకుని ముడి వేశారు. అతను మరోచోట కోశాడు. అక్కడా ముడి పడింది. క్రీల్ లైను పొడుగునా కోస్తూ నడిచాడు, అతని వెనక ముడులు పడుతూ వచ్చాయి.

"పనిలోకి దిగండి! కొనేవాళ్ళు ఎదురుచూస్తున్నారు!"

"చూడనీ," అన్నాడు గస్. "ఆ స్థానంలో ఇద్దరు మనుషులు. ప్రతి తల మీదా తాడు. కొనేవాడికి మంచి తలుపు కావాలా, వద్దా?"

మధ్యాహ్నం పోలీసులు వచ్చారు. తాళం కోసినందుకు గస్‌ను, మీటింగులో చెయ్యెత్తిన సంగతి ఎవరో చేరవేసినందుకు వెండెల్‌ను పట్టుకున్నారు. తాడు లాగిన చెయ్యి ఎవరిదో మూడు వందల మందిలో ఒక్కరూ చెప్పలేదు.

పోలీసు కారు గేటు దగ్గర ఆగి ఉంది. వాళ్ళ లైను మీద తయారైనదే. వెండెల్‌ను వెనక సీటులో కూర్చోబెట్టి తలుపు వేశారు. అతను అలవాటుగా తల వంచి చప్పుడు విన్నాడు. సందు లేదు, లొడలొడ లేదు. దీన్ని ఎవరు బిగించారో అతనికి తెలుసు.

సంకెళ్ళ చేతులు ఎత్తి, వేళ్ళ కణుపులతో లోపలి నుంచి రెండుసార్లు తట్టాడు.

వానలో కారు చుట్టూ జనం మూగారు. డార్లీన్ అద్దానికి దగ్గరగా వచ్చింది. పిడికిలి ఎత్తి బయటి నుంచి రెండుసార్లు తట్టింది. ఆమె వెనకవాడు తట్టాడు. ఆ వెనకవాళ్ళు వచ్చి బానెట్టు మీద, పైకప్పు మీద, డిక్కీ మీద, రెండేసిసార్లు, నిదానంగా. పోలీసు ఇంజను తిప్పాడు. జనం కదల్లేదు. వెనక షెడ్డులో లైను ఇంకా ఆగే ఉంది.